నేరేడు వైనూ, నా నెత్తి మీది ఒట్టూ

నోట్లో పోసుకున్నదాన్ని ఉమ్మేయడానికి మనుషులు కారు వేసుకుని అంతదూరం వస్తారని నాకు తెలియదు. దేవరాపల్లి దాటాక ఉన్న ఆ వైను చేసే ఇంట్లో నేను మొదట చూసింది అదే. విశాఖపట్నం నుంచి వచ్చిన ఇద్దరు మగాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు, మంచి బట్టలు కట్టుకున్నవాళ్ళు, పొడుగు కాడ ఉన్న గాజు గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. గ్లాసు అడుగున గుక్కెడే ఉంది. దాన్ని గుండ్రంగా తిప్పారు, ముక్కు పెట్టి వాసన చూశారు, నోట్లో పోసుకుని బుగ్గలు ఆడించారు. తర్వాత బల్ల మీదున్న స్టీలు గిన్నెలో ఉమ్మేశారు. ఒకరి తర్వాత ఒకరు, అందరి ముందూ.

మా మరిది నా చెవి దగ్గరికి వంగి, "ఉమ్మీడానికి డబ్బులెట్టి మరీ వచ్చేరేటొదినా ఈల్లు" అన్నాడు. పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను. ఆ రోజు నేను నవ్వింది ఆ ఒక్కసారే.

నాకు సంతకం వరకే వచ్చు. మంచం మీద పడుకుని నేను చెబుతున్నాను, పక్కింటి కోడలు రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దని కూడా అన్నాను. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

మరిది అంటే నా భర్తకి తమ్ముడు. నేను కాపరానికి వచ్చేసరికి నిక్కరు వేసుకుని బడికి పోయేవాడు. తల్లి లేదు. నా చేతి ముద్ద తిని పెరిగాడు. పెద్దయ్యాక అన్నదమ్ములిద్దరూ కలిసి చెరుకు వేశారు, కలిసి బెల్లం వండారు, కలిసి తాగారు. బెల్లం వండే పాకలో పొయ్యి ముందు పొద్దస్తమానం నిలబడితే ఒళ్ళు పుండైపోతుంది, తాగకపోతే నిద్ర పట్టదు అనేవారు. మొదట్లో నేనూ నిజమే అనుకున్నాను. తర్వాత పాక లేని రోజుల్లో కూడా తాగారు. వాన పడిందని తాగారు, పడలేదని తాగారు.

నా భర్త పక్కన కూర్చుని అన్నం పెడుతూ ఎన్నేళ్ళు చూశానో ఆయన గొంతు. సీసా ఎత్తితే గొంతుముడి పైకి లేచి కిందికి దిగేది. మొహం చూసి నాకు ఏమీ తెలిసేది కాదు, గొంతు చూసి తెలిసేది ఎంత పోయిందో. చివరికి పొట్ట ఉబ్బిపోయింది, కళ్ళు పసుపు ముద్దలైపోయాయి. పెద్దాసుపత్రిలో నేల మీద చాప పరుచుకుని నేను, మంచం మీద ఆయన. నెత్తురు కక్కుకుని పోయాడు. ఆ బకెట్ నేనే కడిగాను.

పదో రోజున ఆడవాళ్ళు నన్ను చెరువు దగ్గరికి తీసుకెళ్ళి చెయ్యవలసినవి చేసి తీసుకొచ్చారు. గుమ్మం లోపల గోడకి ఆనుకుని కూర్చున్నాను. మా మరిది వచ్చాడు. ఆ పొద్దు కూడా తాగే ఉన్నాడు. వచ్చి నా ముందు కూలబడి, నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "ఇంక ముట్టనొదినా. నీ మీదొట్టు" అన్నాడు.

మా వైపు ఒట్టు సంగతి ఇదీ. నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసి తప్పితే, తప్పినవాడికి ఏమీ కాదు. ఎవరి నెత్తి మీద వేశాడో ఆ మనిషి రాలిపోతారు. అందుకే ఎవరూ ఎవరినీ నెత్తి ముట్టనివ్వరు. నేను ముట్టనిచ్చాను. ఆ పొద్దు నా తల ఉంటే ఎంత, పోతే ఎంత.

కానీ వాడు నిలబడ్డాడు. ఏళ్ళు నిలబడ్డాడు. నా పొలం చెక్కా తన చెక్కా కలిపి దున్నాడు. పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, నేను, అందరం ఆ చేతుల మీదే బతికాం. పెళ్ళిళ్ళలో సీసా తిరుగుతుంటే, "ఒద్దు బావా, మా వొదిన సచ్చిపోతాది" అనేవాడట. "నీ పీక తీసుకెల్లి మీ వొదిన నెత్తికి కట్టీసేవేట్రా" అని వాళ్ళు నవ్వేవారట. ఇంటికొచ్చి ఇదంతా మాకు చెప్పి తనూ నవ్వేవాడు. కానీ నాకు కాస్త తలనొప్పి వచ్చి నుదుటికి గుడ్డ కట్టుకుంటే చాలు, మొహం మాడిపోయేది. ఎవరూ అడక్కుండానే, "నానేటీ ముట్టలేదొదినా" అనేవాడు.

నేను మాత్రం నిండు బిందె నెత్తిన పెట్టుకున్నట్టే నడిచాను అన్నేళ్ళూ. వాడు ఎక్కడో సంతలో ఉంటే, ఇక్కడ నేను బిందె తొణికిందేమో అని చూసుకునేదాన్ని.

ఇక నేరేడు చెట్లు. అవి నా చెక్క గట్టు మీద ఉన్నాయి. గాలికి చెరుకు పడిపోకుండా నా భర్త వేశాడు. పండితే పిల్లలు తినేవారు, మిగిలింది రాలి గట్టంతా ఊదారంగు పులుముకునేది. ఆ ఏడాది ఎండాకాలం చివర మా మరిదికి బెల్లం మార్కెట్టులో తెలిసిన రైతు ఒకడు వచ్చాడు. వాళ్ళదీ ఒకప్పుడు బెల్లం వండే ఇల్లే. ఇప్పుడు ఆ పాకలోనే పళ్ళతో వైను చేస్తున్నారట. గవర్నమెంటు లైసెన్సు ఉందట. నేరేడుపళ్ళు కావాలన్నాడు. వైను అన్న మాట వినగానే నేను మా మరిది వంక చూశాను. కానీ పళ్ళు ఎలాగూ రాలిపోయేవే. మా మరిది దుప్పట్లు పరిచి కొమ్మలు దులిపి, ట్రేలకెత్తి పంపాడు.

చలికాలంలో, చెరుకు నరుకుతున్న రోజుల్లో, ఆ రైతు ఫోను చేశాడు. మీ పళ్ళ వైను తయారైంది, కొత్త డ్రమ్ము తెరుస్తున్నాం, మీరు రావాలి, ఇది మా ఇంటి పద్ధతి అన్నాడు. మా మరిది ఒక్కడూ వెళతానంటే నేను ఒప్పుకోలేదు. బండి వెనక కూర్చుని నేనూ వెళ్ళాను. కాపలాకి వెళ్ళానని వాడికీ తెలుసు.

ఆ పాకలో పొయ్యి గొయ్యి పూడ్చి సిమెంటు చేశారు. గోడలకి మాత్రం పాత పొగ మసి అలాగే ఉంది. పెనం ఉండాల్సిన చోట స్టీలు డ్రమ్ములు, వాటికి కుళాయిలు. లోపలికి అడుగు పెడితే బెల్లం వాసన, దాని కింద పులిసిన వాసన. ఆ కింది వాసన నాకు తెలుసు. నా భర్త చొక్కాల్లోది.

ఆ రైతు తల్లి కుళాయి దగ్గర పీట వేసుకుని కూర్చుంది. ముసలావిడ. నన్ను దగ్గరికి పిలిచి చెప్పింది, బెల్లం వండినప్పుడు మొదటి ముక్క చెరుకు రైతు చేతిలో పెట్టేవాళ్ళం కదా, ఇదీ అంతే, కొత్త డ్రమ్ము తెరిస్తే మొదటి గ్లాసు చేను గలవాళ్ళది అని. చెట్లు ఎవరి గట్టు మీదివి అని అడిగి, నావని తెలుసుకుని, గ్లాసు నాకే చాపింది.

నేను చేతులు వెనక్కి తీసుకున్నాను. తాగకూడదని కాదు అప్పుడు నాకు తోచింది. భర్త పోయినదాన్ని, కొత్త డ్రమ్ము నా చేత్తో మొదలుపెడితే వాళ్ళకి అచ్చిరాదని. శుభమైన పని దేనికీ ఎదురెళ్ళకుండా బతకడం అలవాటైపోయింది. అదే చెప్పాను.

ముసలావిడ నవ్వింది. "నానేటి ముత్తైదువునా సెల్లీ? మా ఆయన పోయిన కాడ్నించీ అన్ని డ్రమ్ములూ నానే తెరుత్తన్నాను. డ్రమ్ముకేటి తెలుత్తాది?"

అయినా నా చెయ్యి ముందుకి రాలేదు. పట్నంవాళ్ళు చూస్తున్నారు. గ్లాసు అలా గాలిలో ఉండిపోయింది. అప్పుడు ఆ రైతు, పోనీ నువ్వు పుచ్చుకో బావా అని మా మరిదితో అన్నాడు. మా మరిది తనకి ఒట్టుందన్నాడు.

"ఒట్టు తీసి గట్టు మీదెట్టు బావా."

"గట్టు మీద కాదు బావా, మా వొదిన నెత్తి మీదుంది అది."

ఆ రైతు నవ్వడం ఆపేశాడు. చెడ్డవాడు కాడు. ఒట్టంటే ఏమిటో అతనికీ తెలుసు. కాసేపు ఆలోచించి, ఆ పట్నంవాళ్ళని చూపించి, మంచికే చెప్పాడు. "అయితే మింగకు. ఈల్ల లాగ పుక్కిలించి ఉమ్మీ. తాగితే కదా ఒట్టు తప్పీది."

ముసలావిడ కూడా అవునంది. ఇంటి పద్ధతీ జరుగుతుంది, ఒట్టూ ఉంటుంది. అందరూ నా వంక చూశారు, నెత్తి నాది కాబట్టి. మా మరిది కూడా చూశాడు. అంతమంది కొత్తవాళ్ళ ముందు మగాడి చేతిలో గ్లాసు పట్టుకుని లాక్కోవడం నాకు రాదు. మా వైపు ఆడది కాదనకపోతే అవునన్నట్టే.

గ్లాసు తీసుకున్నాడు. పోసుకున్నాడు. బుగ్గలు ఆడించాడు. గిన్నె మీదికి వంగి ఉమ్మేశాడు. ఊదారంగు ధార గిన్నెలో పడింది. అది చూసి నేను ఊపిరి వదిలాను. నేరేడుపండేనని, వెనకాల బెల్లం వాసనుందని వాళ్ళకి చెప్పాడు. వాళ్ళు సంతోషించారు. ఇంకో డ్రమ్ములోది ఇచ్చారు, అందులో జీడిమామిడి పండు కలిపారట. అదీ ఉమ్మేశాడు. ధార కొంచెం సన్నగా పడింది. నోట్లో ఎక్కువసేపు ఉంచుకున్నాడనిపించింది. పోనీలే అనుకున్నాను.

తర్వాత ముసలావిడ అంతకుముందు ఏడాది సీసాలోది పోసింది. పాతది ఇంకా బాగుంటుందంది. మా మరిది పోసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నేను మొహం చూడలేదు, గొంతే చూశాను. నాకు చూడ్డం వచ్చింది అదొక్కటే.

గొంతుముడి పైకి లేచింది. కిందికి దిగింది.

ఆ తర్వాత గిన్నె మీదికి వంగి ఉమ్మాడు. తెల్లటి ఉమ్మి. రంగు లేదు అందులో. గిన్నెలో పట్నంవాళ్ళు ఉమ్మినదంతా ఊదారంగుగా ఉంది, దాని మీద ఈ తెల్లటి నురగ తేలింది. ఇంకెవరూ చూడలేదు. వాడు తల ఎత్తేసరికి నా కళ్ళు ఎదురయ్యాయి. మూతి తుడుచుకుని, గోడకి అద్దంలో బిగించిన లైసెన్సు కాగితం చూస్తూ నిలబడ్డాడు.

వస్తుంటే వాళ్ళు సీసా ఒకటి కాగితం చుట్టి ఇవ్వబోయారు. నేను వద్దన్నాను. అది అనడానికి మాత్రం నోరు వచ్చింది.

దారి పొడుగునా బండి నెమ్మదిగా నడిపాడు. స్పీడ్ బ్రేకరు వస్తే ఎద్దుబండి కంటే మెల్లగా దాటించాడు. చెరుకు ట్రాక్టరు ఎదురొస్తే బండి పక్కకి తీసి, అది పూర్తిగా వెళ్ళేదాకా కాలు కింద పెట్టి ఆగాడు. అలా నడిపే మనిషి కాదు. అనకాపల్లి రోడ్డు ఎక్కాక, వెనక్కి తిరక్కుండా అడిగాడు.

"తల నొప్పెడతందేటొదినా?"

లేదన్నాను. వాడికి తెలిసిపోయింది నేను చూశానని. నాకు తెలిసిపోయింది వాడు భయపడుతున్నాడని. ఆ భయం చూసి, నిజం చెబుతున్నాను, నాకు ధైర్యం వచ్చింది. ఒక్క గుక్కతో ఆగుతాడనుకున్నాను. ఇంత భయం ఉన్నవాడు ఇంకోసారి ముడతాడా అనుకున్నాను.

పొద్దున్నే కళ్ళాపి చల్లుతుంటే వచ్చాడు. వాకిట్లో నిలబడి నన్ను చూస్తున్నాడు. బకెట్ ఎత్తుతుంటే చూశాడు, ముగ్గు వేయడానికి వంగితే చూశాడు. నేను బాగానే ఉన్నానా అని అడిగాడు. బాగానే ఉన్నానన్నాను. నాకేం, రాయిలా ఉన్నాను. వాడి మొహం తేటపడింది. పలుపు తెగిన ఎద్దుని చూశారా? తెగిందని దానికి వెంటనే తెలియదు. కట్టేసిన చోటే నిలబడి ఉంటుంది కాసేపు. అలా నిలబడ్డాడు వాడు. నేను దాన్ని నిలకడ అనుకున్నాను.

మర్నాడూ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. నాకు జ్వరం లేదు, దగ్గు లేదు, కాలికి ముల్లు కూడా గుచ్చుకోలేదు. తర్వాత పొద్దున్నే రావడం మానేశాడు.

మా బెల్లం వండుతున్న రోజున పాకలో తాగాడు. వీళ్ళూ వాళ్ళూ కలిసి మోసుకొచ్చి నా అరుగు మీద పడేశారు. నేను నీళ్ళు మొహాన కొడితే కళ్ళు తెరిచి, నన్ను పైనుంచి కిందిదాకా చూసి నవ్వాడు.

"నీకేటీ అవలేదు కదొదినా. ఇన్నేల్లూ ఉట్టినే బయపడ్డాను."

చచ్చి చూపించనా?

ఆ రోజు తర్వాత నేను ఎన్నిసార్లు అనుకున్నానో. ఆ కళ్ళాపి చల్లిన పొద్దున నేను లేవకుండా ఉంటే. తల పగిలిపోతోందని మంచం మీద దొర్లి ఉంటే. ఒక్క పూట. వాడు నా కాళ్ళ మీద పడి ఏడ్చేవాడు, మళ్ళీ జన్మలో ముట్టేవాడు కాడు. నేనేమో బకెట్ పట్టుకుని గట్టిగా తిరిగాను, చూసుకో అన్నట్టు.

ఏడాది ఎలా గడిచిందో విడిచి విడిచి చెప్పడానికి ఏముంది. అన్న నడిచిన దారే. చెరుకు చేలోనే ఎండి పువ్వేసింది. పెళ్ళాం పిల్లల్ని తీసుకుని కోటవురట్ల పుట్టింటికి పోయింది. పోయేముందు నా దగ్గరికొచ్చి, నీ నెత్తి మీద ఒట్టు కదా, నువ్వైనా చెప్పలేకపోయావా అని అడిగింది. వాడి కంటి తెల్లగుడ్డులో పసుపు వచ్చింది. పసుపు వచ్చిందని నాకు ముందు తెలిసింది. నేను చూసినదే కదా అది.

ఎండాకాలంలో నేరేడు మళ్ళీ కాసింది. కూలివాళ్ళని పెట్టి దులిపించి నేనే పంపాను.

ఈ చలికాలంలో నాకు జ్వరం తగిలింది. నిజం జ్వరమే. పళ్ళు టకటక కొట్టుకుని, దుప్పటి మీద దుప్పటి కప్పినా వణుకు. స్పృహ లేకుండా ఎంతసేపు ఉన్నానో తెలియదు. కళ్ళు తెరిస్తే మంచం కోడు పట్టుకుని మా మరిది కింద కూర్చున్నాడు. మొహం కడుక్కుని ఉన్నాడు. చేతులు వణుకుతున్నాయి, నాకంటే ఎక్కువ. వాసన లేదు.

"నానే సంపేత్తన్నాను నిన్ను" అన్నాడు.

కాదని చెప్పబోయాను. జ్వరం అందరికీ వస్తుంది, ఊళ్ళో ఇంటికొకరు పడ్డారు అని చెప్పబోయాను. నోటి దాకా వచ్చింది. ఆగిపోయాను.

వాడే మాత్రలు తెచ్చాడు. గంజి కాచాడు, ఉప్పు ఎక్కువ వేశాడు. కోటవురట్లకి ఫోను చేసి పెళ్ళాన్ని రమ్మన్నాడు. ఆమె పిల్లలతో వచ్చింది, మొగుణ్ణి ఒకసారి చూసి, వెళ్ళి పొయ్యి దగ్గర కూర్చుంది. వాడు కత్తి పట్టుకుని చేలోకి వెళ్ళి ఎండిన చెరుకు నరకడం మొదలుపెట్టాడు. నేను మంచం మీద పడుకుని ఆ చప్పుడు విన్నాను.

జ్వరం తగ్గింది. లేచాను. స్నానం చేసి, మజ్జిగన్నం తిని, వాకిలి ఊడ్చాను. చేలోంచి వస్తూ వాడు నన్ను చూశాడు. అదే మొహం, తేటపడిన మొహం. ఆ సాయంత్రమే తాగి వచ్చాడు.

తెల్లారి నేను మళ్ళీ పడుకున్నాను. తల పగిలిపోతోందన్నాను. వాడు అరుగు మీద నుంచి లేచి వచ్చి, నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, సీసా పట్టుకెళ్ళి పెంటలో పారబోశాడు.

అప్పటి నుంచి ఇలా పడుకునే ఉన్నాను. జ్వరం లేదు. నడుం పట్టేసింది, వీపు ఒరుసుకుపోయి మంట. తోడికోడలు నా గిన్నెలు కడుగుతోంది, నా బట్టలు ఉతుకుతోంది, ఆమెకి కూడా చెప్పలేదు. ఆమె మొహంలో కాస్త రంగు వచ్చింది. పిల్లలు నాన్న పక్కనే పడుకుంటున్నారు. ఇలా ఎంతకాలం పడుకోగలనో నాకు తెలియదు. లేవకపోతే నిజంగానే లేవలేని దాన్నైపోతానేమో. లేస్తే వాడు పోతాడు.

నిన్న ఆ వైను రైతు ఫోను చేశాడు. నా పళ్ళ డ్రమ్ము తయారైందట. మొదటి గ్లాసు నాదేనని, ఈసారి నేనే పుచ్చుకోవాలని వాళ్ళమ్మ మరీ మరీ చెప్పమందట. నాకు వెళ్ళాలని ఉంది. ఈసారి నా చెయ్యి వెనక్కి రాదు. ఆ గ్లాసు తీసుకుని, అదేమిటో నోట్లో పోసుకుని చూసి, మొత్తం ఆ గిన్నెలో ఉమ్మేయాలని ఉంది, ఊదారంగు ఊదారంగులాగే. కానీ మంచం దిగేది ఎలా? వొదినకి ఒంట్లో బాగోలేదని మా మరిదే వాళ్ళకి చెప్పాడు. చెబుతూ నా వంకే చూశాడు.

చేలో నరుకుడు చప్పుడు ఆగింది. అన్నానికి వస్తున్నాడు. రాగానే కాళ్ళు కడుక్కోకుండా ముందు నా నుదురు ముట్టుకుని చూస్తాడు. ఇక రాసింది చాలమ్మా. పొయ్యి మీద నీళ్ళు మరిగాయేమో చూడు. ఆ స్టీలు గ్లాసులో పోసి ఇలా ఇయ్యి, నుదుటికి ఆనించుకుంటాను.